తెర మీద చుక్క, దీవి మీద బెలూన్

రిచ్‌మండ్, న్యూ సౌత్ వేల్స్
మార్చి 1958

అక్కా,

నువ్వు పంపిన ఎండుచేప అందింది. పోస్టతను ఆ పొట్లాన్ని గేటు బయటే పెట్టి, ఈల వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నీ మరదలు మేవిస్ దాన్ని ఇంట్లోకి రానివ్వనంటే వెనక షెడ్డులో కూర్చుని నేనొక్కణ్ణే తిన్నాను. చాలా బాగుంది. పెర్స్ బావకి చెప్పు.

ఇప్పుడొక సంగతి రాస్తాను. నవ్వినా ఫర్వాలేదు గానీ దీవంతా చాటింపు వెయ్యకు.

పోయిన మంగళవారం సాయంత్రం సముద్రం మీద గస్తీ ముగించుకుని ఇంటి ముఖం పట్టాం. మీ పెట్రెల్ దీవికి పడమరగా, దగ్గర్లోనే ఉన్నాం. చీకటి పడబోతోంది. నేను ఎప్పటిలాగే విమానం నడుములో, నల్ల పరదా వేసుకుని నా గూట్లో కూర్చున్నాను. నాకు అక్కడ కిటికీ ఉండదు. లోకంలో ఏం జరుగుతోందో రాడార్ తెర మీది చుక్కలే నాకు చెప్పాలి, నేను కెప్టెన్‌కి చెప్పాలి. మా దాంట్లో పద్ధతి ఏమిటంటే, రాడార్ మనిషి తిప్పమంటే కెప్టెన్ ముందు తిప్పుతాడు, తర్వాత అడుగుతాడు. అడుగుతూ కూర్చుంటే ఈలోపు జలాంతర్గామి మునిగి చక్కా పోతుంది.

ముందు, ఇరవై మైళ్ళ దూరంలో, మేం ఎగురుతున్న ఎత్తులోనే ఒక చుక్క కనిపించింది. ఓడంత స్పష్టంగా ఉంది, కానీ ఓడలు ఎగరవు కదా. చెప్పాను. కెప్టెన్ ట్రెలోర్ అటు తిప్పాడు. అది మా ముందు అంతే దూరంలో సాగింది. మేం జోరు పెంచితే అదీ పెంచింది. తర్వాత ఉన్నట్టుండి గాలికి ఎదురుగా మా ఎడమ పక్కకి వచ్చి, సంతకి తోడొచ్చిన మనిషిలా మాతో సమంగా నడిచింది. మూడుసార్లు తిప్పమన్నాను, మూడుసార్లూ తిప్పాడు. చివరికి అది తెర అంచు దాటి పోయింది. అంత వేగంగా పోయేదాన్ని నా సర్వీసులో చూడలేదు. ముందు కూర్చున్న వాళ్ళకి మసక తప్ప ఏమీ కనపడలేదట.

దిగాక ట్రెలోర్ నా భుజం మీద చెయ్యేశాడు.

"ఏంటయ్యా క్లెమ్ అది?"

"తెలీదు సార్."

"పక్షులేమో?"

"మనకంటే జోరుగా పోయే పక్షులైతే మన జీతాలు వాటికిచ్చెయ్యాలి."

నవ్వాడు. "సరే, చూసింది చూసినట్టు రాసెయ్. కింద నేనూ సంతకం పెడతా" అన్నాడు. రాశాను, పెట్టాడు. మర్నాడు యంత్రాన్ని విప్పి చూశారు, దాంట్లో ఏ లోపమూ లేదు. ఇక నన్ను విప్పి చూడటమే మిగిలిందని మేవిస్ అంటోంది.

నీ తమ్ముడు
క్లెమ్


పెట్రెల్ దీవి
ఏప్రిల్

ఒరేయ్ క్లెమ్,

నవ్వాను. చెప్పొద్దన్నావు కాబట్టి మీ బావకి ఒక్కడికే చెప్పాను. ఆయన నోరు విప్పేది చేపల దగ్గర మాత్రమే, భయపడకు. అంతా విని, "వాడు దాని వెంట గాలం వెయ్యాల్సింది" అన్నాడు.

మంగళవారమా! ఆ రోజు మా ఐలీన్ పెళ్ళి కదరా, పెర్స్ మేనకోడలు. ఇక్కడ పెళ్ళంటే నీకు తెలీదు. దీవిలో ఏ పనీ జరగదు. కొట్టు మూత, బడి మూత, పడవలన్నీ ఒడ్డునే. పని చేస్తూ కనపడ్డవాడిని పెళ్ళికూతురి బాబాయిలు ఎత్తుకెళ్ళి నీళ్ళలో వేస్తారు. నేనేదో ప్రభుత్వం మనిషినని నన్ను వదలరు. అందుకని సాయంత్రం వదలాల్సిన వాతావరణ బెలూన్ని మధ్యాహ్నం భోజనం కాగానే వదిలేసి, అది పేలేదాకా చూసి, గాలి వివరాలకి సాయంత్రపు సమయం వేసి రేడియోలో పంపేశాను. తలస్నానం చేసి పెళ్ళికి పోయాను. కంగారుపడకు, ఇది ఇక్కడి ఆనవాయితీ. నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన క్రికెట్ కోసం కూడా ఇలాగే వదిలేవాడట. గాలి మధ్యాహ్నానికీ సాయంత్రానికీ పెద్దగా మారదు. పెళ్ళిలో నేను ఎంతసేపు డాన్సు చేశానో తెలుసా? నా నీలం చెప్పులకి అడుగు ఊడిపోయింది.

ఇక నీ చుక్క సంగతి. యుద్ధం రోజుల్లో నేను కూడా రాడార్ గదుల్లోనే పనిచేశాను, కాబట్టి నా మాట విను. చూసింది చూసినట్టు రాయమంటారు. రాశాక, "నువ్వే ఎందుకు చూశావు?" అని మొదలుపెడతారు. వీలుంటే ఆ కాగితం వెనక్కి తీసుకుని, తప్పు యంత్రానిదని రాసెయ్. యంత్రానికి పెళ్ళాం లేదు, ఇంటి అద్దె లేదు.

మేవిస్‌కి చెప్పు, ఈసారి చేప కాదు, పాషన్‌ఫ్రూట్ జామ్ పంపుతానని.

అక్క
యూనా


రిచ్‌మండ్
మే

అక్కా,

నీ నోట్లో ఏం ఉందో గానీ నువ్వు అన్నట్టే అయ్యింది.

హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉంటాడు. ప్రతి ప్రశ్నకీ ముందు "ఏమీ అనుకోవద్దు" అంటాడు. ఏమీ అనుకోవద్దు, ఎంత తాగుతావు? ఏమీ అనుకోవద్దు, భార్యతో సఖ్యంగానే ఉంటావా? మీ ఇంట్లో ఎవరికైనా లేనివి కనపడేవా?

"మా నాన్న తాగినప్పుడు పెరట్లో కంగారూలున్నాయని గోల పెట్టేవాడు సార్" అన్నాను.

"తర్వాత?"

"వెళ్ళి చూస్తే నిజంగానే ఉండేవి."

ఆయన నవ్వలేదు. అది కూడా రాసుకున్నాడు.

గాలికి ఎదురుగా వచ్చిందని నాలుగుసార్లు చెప్పాను. కళ్ళు చూశారు, చెవులు చూశారు, తర్వాత నరాల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ఒక కాగితం మీద సిరా మరక చూపించి ఏం కనపడుతోందన్నాడు. సిరా మరక అన్నాను. అది మంచి జవాబో చెడ్డ జవాబో ఇంతవరకు తెలియదు. కారణం తేలేదాకా నన్ను ఎగరొద్దన్నారు. ఇప్పుడు పారాచూట్ల గిడ్డంగిలో మడతలు విప్పి మళ్ళీ మడతలు పెడుతున్నాను. మా వాళ్ళు వేరే రాడార్ మనిషిని వేసుకుని పోతున్నారు. సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే మా విమానం ఇంటి మీదుగా దిగుతుంది. ఇంజన్ల చప్పుడు బట్టి అది మాదేనని తెలుస్తుంది. మేవిస్ అప్పుడు రేడియో గట్టిగా పెడుతుంది.

యంత్రం మీద తోసెయ్యమన్నావు. చెయ్యలేకపోయాను. అది ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు, నేను దాని మీద ఎలా చెప్పను?

అక్కా, నాకు భయంగా ఉంది. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఆ పరదా వెనక కూర్చుంటే నేనొక మనిషిని. నేను చెప్పిన మాట మీద అంత పెద్ద విమానం తిరుగుతుంది. బయట నన్ను చూసి మా పక్కింటి కుక్క కూడా పక్కకి తప్పుకోదు. "కారణం: మనిషి నరాలు" అని రాశారంటే జన్మలో మళ్ళీ ఎక్కనివ్వరు. ఒక్కోసారి, ఏదో ఒక కారణం దొరికితే చాలు, అది తప్పయినా సరే అనిపిస్తోంది. అలా అనిపించినందుకు సిగ్గుగా కూడా ఉంది.

క్లెమ్


పెట్రెల్ దీవి
జూన్

క్లెమ్,

ఉత్తరాలు తీసుకెళ్ళే నీటి విమానం గంటలో బయల్దేరుతోంది, పైలట్ టీ తాగుతున్నాడు, కాబట్టి నాలుగు ముక్కలే.

నీ ఆఫీసరు మాకు కూడా రేడియోలో ప్రశ్న పంపాడు. అడిగినదానికి జవాబిచ్చాను. నువ్వు తొందర్లోనే మళ్ళీ ఎక్కుతావు. ఎలా, ఏమిటి అని నన్ను అడగకు. ఎక్కు, అంతే.

పెర్స్‌కి నడుము మళ్ళీ పట్టేసింది. పడవలోంచి దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. చూసినవాళ్ళందరూ తలొక మందు చెప్పారు, అన్నీ వాసనవే. ఐలీన్ అప్పుడే మొగుడితో పోట్లాడి ఒకసారి పుట్టింటికి వచ్చి వెళ్ళింది. జామ్ సీసా మూత గట్టిగా ఉంటుంది, వేడినీళ్ళలో పెట్టి తియ్యమను.

యూనా


రిచ్‌మండ్
జూలై

అక్కా,

మళ్ళీ ఎగురుతున్నాను. నువ్వు కోరుకున్నట్టే అయ్యింది.

ఫైలు మూసేశారు. నన్ను పిలిచి చదివి వినిపించారు. పెట్రెల్ దీవి నుంచి ఆ సాయంత్రం వదిలిన వాతావరణ బెలూన్ని చూసి రాడార్ సార్జెంటు పొరబడ్డాడట. వదిలిన సమయం సరైనదేనని దీవిలోని పరిశీలకురాలు ధ్రువపరిచారట. పొరపాటు ఎవరికైనా సహజమే, వెళ్ళి పని చూసుకో అన్నారు. ఆ పరిశీలకురాలు నాకు తోడబుట్టిన అక్క అని మావాళ్ళకి తెలిసేదాకా అంతా బాగానే ఉంది.

మర్నాడు నా సీటుకి పుట్టినరోజు బెలూన్లు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు. నేనూ నవ్వాను. మేం ఒకళ్ళనొకళ్ళం అలాగే ఏడిపించుకుంటాం, నేను వాళ్ళని ఏడిపించింది తక్కువేం కాదు. కానీ వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, ఇప్పుడు నా పేరు క్లెమ్ కాదు, బుడగ. భోజనాల దగ్గర వంటవాడు కూడా, "బుడగకి ఇంకో మాంసం ముక్క వెయ్యండ్రా, లేకపోతే గాలికి కొట్టుకుపోతాడు" అంటున్నాడు.

అదంతా పడతాను. పడలేనిది చెప్తాను విను. పోయిన గురువారం నేవీ వాళ్ళ జలాంతర్గామితో సాధన ఉంది. అది దాక్కోవాలి, మేం పట్టుకోవాలి. ఊపిరి పీల్చుకోవడానికి అది గొట్టం ఒకటి నీళ్ళపైకి పెడుతుంది. గొట్టం తెర మీద ఆవగింజంత కనపడుతుంది, అదీ కాసేపే. నాకు కనపడింది.

"కెప్టెన్, ఎడమ పక్క, తొమ్మిది మైళ్ళు. గొట్టంలా ఉంది. ఎడమకి తిప్పండి" అన్నాను.

హెడ్‌ఫోన్లలో ఎవడో అందుకున్నాడు. "దారం పట్టుకుని లాగి చూడు బుడగా, అవతల కొసన మీ అక్క ఉందేమో!"

అందరూ నవ్వారు. ట్రెలోర్ కూడా నవ్వాడు. నా బాధ నవ్వినందుకు కాదు అక్కా. తిప్పలేదు. "ఇంకాస్త చూసి చెప్పు" అన్నాడు. ఈ ఐదేళ్ళలో ఆయన నాతో ఆ మాట అనడం ఇదే మొదలు. ఇంకాస్త చూసేలోపు అది మునిగిపోయింది. సాయంత్రం నేవీ వాళ్ళు వైర్‌లెస్‌లో పలకరించారు. "మా నెత్తి మీంచే పోయారు, నిద్రపోతున్నారా?" అన్నారు. ట్రెలోర్ చెడ్డవాడు కాదు. దిగాక నా ముఖం చూడకుండా పోయాడు. రాడార్ మనిషి ఒకసారి బెలూన్ని చూసి మూడుసార్లు తిప్పించాడని తెలిశాక ఆయన స్థానంలో నేనున్నా తటపటాయిస్తానేమో.

ఆ బెలూన్ సాయంత్రానికి ఎక్కడుంది అక్కా? భోజనం కాగానే వదిలానని నువ్వే రాశావు. పేలేదాకా చూశానని కూడా రాశావు. నేను వచ్చేసరికి అది సముద్రం అడుగున ఉంది. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, చూపించను కూడా. కానీ నన్నొక్క మాట అడగలేకపోయావా? ఇలా కూర్చోబెట్టే బదులు నన్ను గిడ్డంగిలోనే వదిలేస్తే బాగుండేది.

క్లెమ్


పెట్రెల్ దీవి
ఆగస్టు

ఒరేయ్,

అడిగితే వద్దనేవాడివి. అందుకే అడగలేదు.

"ఏదో ఒక కారణం దొరికితే చాలు, అది తప్పయినా సరే" అని రాసిందెవరురా? నేనా? ఆ ముక్క చదివి రెండు రోజులు నాకు తిండి సయించలేదు. మూడో రోజు రేడియోలో ప్రశ్న వచ్చింది, "ఫలానా తేదీ సాయంత్రపు బెలూన్ నిర్ణీత సమయానికే వదిలారా?" అని. అవునన్నాను. ఒక్క మాట. నువ్వు మళ్ళీ ఎక్కావు. ఇప్పుడు బుడగ అన్నారని నా మీద పడి ఏడుస్తున్నావు. చిన్నప్పుడు నిన్ను బడిలో పిలిచిన పేర్లతో పోలిస్తే బుడగ చాలా మర్యాదైన పేరు.

పూర్తిగా నీ కోసమే చేశానని మురిసిపోకు. సగం నా కోసం. కాదు, భోజనం కాగానే వదిలాను, సమయం మార్చి పంపాను అంటే ఆ రోజే నన్ను తీసేస్తారు. పెర్స్ మంచం దిగడమే కష్టంగా ఉంది, పడవ ఒడ్డు మీద ఎండుతోంది. ఇంట్లోకి వచ్చేది నా జీతమొక్కటే. పైగా నాకు ఈ పనంటే ఇష్టం. సాయంత్రం అందరూ టీ తాగుతుంటే కొండ మీద నేనొక్కదాన్నే నిలబడి ఆ బెలూన్ చెయ్యి విడిచినప్పుడు ఎలా ఉంటుందో నీకు చెప్పినా అర్థం కాదు. నీకు కిటికీ కూడా లేదు.

ఎవడికీ కనపడకుండా పోయిన ఆ చుక్క నీకు తిండి పెడుతుందా, నాకు పెడుతుందా? నవ్వి నవ్వి వాళ్ళే ఊరుకుంటారు. ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టు. ఎవడైనా రన్‌వే పక్కన బురదలో దిగబడితే నిన్ను మర్చిపోయి వాణ్ణి పట్టుకుంటారు.

కోపంగానే ఉన్నాను. అయినా జామ్ పంపిస్తున్నాను.

యూనా


రిచ్‌మండ్
సెప్టెంబరు

ప్రియమైన యూనాకు,

ఇక్కడ అందరం క్షేమం. జామ్ అందింది, కృతజ్ఞతలు. వాతావరణం బాగుంది. పని మామూలుగా నడుస్తోంది. గిడ్డంగిలో శాశ్వతంగా ఒక ఖాళీ ఉందన్నారు, దానికి దరఖాస్తు పెట్టాను. నేలమీద ఉద్యోగం, సాయంత్రాలు ఇంట్లో ఉండొచ్చు. నువ్వు చెప్పినట్టు ఓపిక పడుతున్నాను. మార్చి సంగతి ఇక ఎవరితోనూ ఎత్తను, నువ్వూ ఎత్తకు.

పెర్స్ నడుముకు త్వరగా నయం కావాలని కోరుతూ,

క్లెమెంట్


పెట్రెల్ దీవి
నవంబరు

"ప్రియమైన యూనాకు" అట! "కృతజ్ఞతలు" అట! "క్లెమెంట్" అట!

ఒరేయ్, నువ్వు నన్ను తిట్టి నాలుగు పేజీలు రాస్తే నిక్షేపంగా నిద్రపోయాను. ఈ ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదు. పోస్టాఫీసులో ఎవరో గుమస్తా రాసినట్టుంది. దాన్ని తీసుకెళ్ళి పెర్స్‌కి చూపించాను. ఆయన బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, నేను వేడి గుడ్డ వేస్తున్నాను. చదివి, కాగితం మడిచి నాకిచ్చాడు.

"గిడ్డంగికి పోతున్నాడా?" అన్నాడు.

"పోతాట్ట."

"మరి వాడక్కడ చూసి ఏం లాభం, ఎవడూ తిప్పకపోతే?"

"నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడక్కు. నేను పడవ నడిపేటప్పుడు ముందు నిలబడ్డవాడు రాయి అంటే తిప్పేస్తా. వాడు నిన్న తాగాడా, వాళ్ళక్క ఎవరు అని ఆలోచించను. ఆలోచించాల్సొస్తే వాణ్ణి ఎక్కించుకోను."

అంతే అన్నాడు. ఆయన ఏడాదిలో మాట్లాడే మాటలన్నీ ఆ ఒక్క పూటకే వాడేశాడు. నేను మర్నాడు ఉదయం వాతావరణ కార్యాలయానికి రాసి పంపేశాను. ఆ రోజు పెళ్ళి ఉందని, బెలూన్ మధ్యాహ్నమే వదిలానని, సాయంత్రానికి ఆకాశంలో నా బెలూన్ ఏదీ లేదని, తర్వాత అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పానని రాశాను. రాడార్ సార్జెంటు నాకు తమ్ముడని, అతను నన్నేమీ అడగలేదని కూడా చేర్చాను. నకలు మీ హెడ్డాఫీసుకి. ఇదంతా సెప్టెంబరు చివర్లో జరిగింది. అయ్యేదేదో అయ్యాక రాద్దామని ఆగాను.

అయ్యింది. రెండు వారాల క్రితం నీటి విమానంలో కొత్త అతను దిగాడు. మెడకి టై కట్టుకుని వచ్చాడు పాపం. బెలూన్లో గ్యాసు ఎలా నింపాలో, కొండ వెనక గాలి ఎలా మోసం చేస్తుందో చూపించాను. పెళ్ళిళ్ళ సంగతి కూడా చెప్పాను. "నేను అలాంటివి చెయ్యను" అన్నాడు. మంచిది, నీళ్ళలో వేస్తారు చూడు అన్నాను. తాళాలు ఇచ్చేటప్పుడు ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. నా ఏడుపు చూసి అతను టై సర్దుకుంటూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఇక్కడి తాటిజాతి చెట్ల కింద విత్తనాలు ఏరుతున్నాను. వాటిని బస్తాల్లో పోసి ఇంగ్లండు పంపిస్తారు, అక్కడి వాళ్ళు ఇళ్ళలో కుండీల్లో పెంచుకుంటారట. నడుం నొప్పి. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం బోర్లా పడుకుంటున్నాం. గడుస్తుంది. ఐలీన్ మొగుడు పెర్స్ పడవని సగం వాటాకి నడుపుతున్నాడు, వాడు పనికిమాలినవాడని ఇంతకాలం అనుకున్నాను గానీ కాదు.

నీ గిడ్డంగి దరఖాస్తు వెనక్కి తీసుకో. నేను ఇంత చేశాక నువ్వు పారాచూట్లు మడతపెడుతూ కూర్చుంటే, తర్వాతి నీటి విమానం ఎక్కి వచ్చి అందరి ముందూ నీ చెవి మెలిపెడతాను.

అక్క


రిచ్‌మండ్
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నాను. మేవిస్ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. నువ్వు ఆ కొండ దిగి తాళాలు ఇచ్చిన దృశ్యం కళ్ళముందు నుంచి పోవడం లేదు. నిన్ను ఆ పని చెయ్యమని నేను ఏనాడూ అడిగేవాణ్ణి కాదు. చేసినందుకు ఏమనాలో తెలియడం లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది రాస్తే చాలనుకుంటాను.

దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. చెవి జాగ్రత్తగానే ఉంది.

నీ ఉత్తరం కంటే ముందే ఒక ఆదివారం ట్రెలోర్ మా ఇంటికి వచ్చాడు. ఆయనెప్పుడూ రాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, కంచె దగ్గరే నిలబడ్డాడు.

"పైనుంచి కాగితమొచ్చింది. మార్చి సంగతి. 'కారణం తెలియదు' అని మార్చారు" అన్నాడు.

"ఊఁ."

"మీ అక్కకి ఉద్యోగం పోయేట్టుందయ్యా."

నాకు అదే మొదటిసారి వినడం.

"ఆ సాయంత్రం బెలూన్ లేదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే ఎవడూ నిన్ను బుడగ అనేవాడు కాదు కదా."

"మా అక్క సార్."

కంచెకి ఒక మేకు పైకి లేచి ఉంటే ఆయన దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కుతూ కాసేపు నిలబడ్డాడు. "నేను తిప్పాల్సింది" అన్నాడు. మేకు లోపలికి పోలేదు. వెళ్ళిపోయాడు.

ఇక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. మళ్ళీ కనిపించింది. మార్చిలో వచ్చినదేనో, దాని తమ్ముడో తెలియదు. పోయిన బుధవారం, సాయంత్రమే, ఈసారి ఇంకా దక్షిణంగా. కాసేపు ఉండి మళ్ళీ అలాగే పోయింది. ఏమిటో మళ్ళీ తెలియలేదు. మళ్ళీ రాసిచ్చాను. ఆ సన్నపాటి ఆఫీసరు మళ్ళీ వస్తాడు, ఏమీ అనుకోవద్దంటాడు. రానీ. అదేమిటో చనిపోయేలోపు తెలుస్తుందని నాకు నమ్మకం లేదు, తెలియకపోయినా బతకగలను.

నీకు చెప్పాలనుకున్నది అది కాదు. తెర మీద అది కనపడగానే నా చెయ్యి మైకు దాకా పోయి ఆగింది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పరదా వెనక ఉన్నది నేనొక్కణ్ణే. చెప్తే మళ్ళీ మొదటి నుంచీ అదే కథ, డాక్టర్లు, సిరా మరకలు. చుక్క జరుగుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. అంతకుముందు ఏ చుక్కనీ చెప్పకుండా చూస్తూ కూర్చోలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు అంతా పోగొట్టుకున్నది నేనిక్కడ నోరు మూసుకోవడానికి కాదు కదా.

మైకు నొక్కాను. "కెప్టెన్, కుడి పక్క, పదిహేను మైళ్ళు, మన ఎత్తులోనే. ఓడ కాదు. ఏమిటో తెలీదు. కుడికి తిప్పండి" అన్నాను.

చెవుల్లో ఎవరూ మాట్లాడలేదు. నవ్వనూ లేదు. ఇంజన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను బల్ల అంచు పట్టుకుని తెర వంకే చూస్తున్నాను. ట్రెలోర్ ఇక తిప్పడనుకున్నాను. అప్పుడు నా ఒళ్ళు మెల్లగా సీటులోకి ఒత్తుకుంది. కుడి అంచున ఉన్న చుక్క కదిలి, కొంచెం కొంచెంగా జరిగి, తెర మధ్య గీత మీదికి వచ్చి నిలబడింది.

విమానం తిరిగింది, అక్కా.

నీ తమ్ముడు
క్లెమ్